పద్నాలుగు పరిగెలు, పిడికెడు పాచి

నిర్మల నగరం, పాచి నిర్మూలన శాఖ. చేపల తొట్టె దినచర్య. రాసేది: బలుసు చూడామణి, తనిఖీదారు, మూడో తరగతి.

రోజు 1. అమ్మోనియా సున్న. చేపలు పద్నాలుగు.

గోడల మీదా, తూముల్లోనూ, గొట్టాల కీళ్ల దగ్గరా పాచి కనబడితే గీకించి పారేయించడం నా ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. కమిషనర్ విశ్వపతి గారు నిన్న పిలిచి, "నీళ్ల పనే కదమ్మా, చేపల తొట్టె కూడా నువ్వే చూసుకో" అన్నారు. ఈ లెక్కన మంటలార్పే వాళ్లను వంటకు పెట్టాలి.

తొట్టె ఆయన ఆఫీసు ముందు హాల్లో ఉంది. నాలుగు వందల లీటర్లు పడుతుంది. అడుగున ఏడుసార్లు ఆవిరి పట్టిన గులకరాళ్లు, పక్కన నీళ్లు వడకట్టే పెట్టె, ఆ పెట్టెలో తెల్లటి స్పాంజి. చేపలు జీవ విభాగం నూకరాజు మాస్టారివి. మా ముత్తాతలు రోగాల భయంతో ఈ నగరానికి మూత వేసుకున్నప్పుడు చల్లపెట్టెలో దాచిన గుడ్లు అవి. ఎనభై ఏళ్ల తరవాత వాటిని కరిగించి, పదకొండేళ్లు తంటాలు పడితే పద్నాలుగు పరిగెలు బతికాయి. వేలెడు పొడుగు, వెండి ఒళ్లు, తోక దగ్గర నల్లబొట్టు. ఐదు నెలలుగా మాస్టారు వాటిని గిన్నెల్లో పెట్టి, పూటకోసారి నీళ్లు మారుస్తూ కాపాడారు.

ఈ రోజు నుంచి నలభయ్యో రోజు వ్యవస్థాపక దినం. అప్పటికి చేపలు బతికుంటే మిగిలిన గుడ్లు పొదిగించుకోవచ్చు. చస్తే గుడ్లు కొలిమిలోకి, జీవ విభాగానికి తాళం. ఇది కమిషనర్ గారి మాట, కాగితం మీద కూడా ఉంది. చేపలు వెయ్యకుండా ఆరు వారాలు తొట్టెలో ఉత్త నీళ్లు తిప్పాలని మాస్టారు అడిగారట. "ఖాళీ తొట్టె చూపించి నేను ఉపన్యాసం ఇవ్వాలా?" అని కమిషనర్ గారు పంచాంగం తెప్పించారు. ముహూర్తం ఉదయం పది ఇరవైకి. చేపలు సరిగ్గా పది ఇరవైకి గృహప్రవేశం చేశాయి.

ఈ దినచర్య రోజూ మూడు ప్రతులు రాయాలి. ఒకటి నా దగ్గర, ఒకటి కమిషనర్ గారి బల్ల మీద, ఒకటి గాలిగొట్టంలో రికార్డు గదికి. కమిషనర్ గారు తన ప్రతి మీద కాఫీ గ్లాసు పెట్టుకుంటారు. రికార్డు గది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. పందొమ్మిదేళ్లలో నేను రాసినదాన్ని ఒక్క మనిషి చదివిన దాఖలా లేదు. నిజంగా ఎవరైనా చదువుతుంటే నాకొక కుర్చీ పంపండి. ఉన్నదానికి మూడు కాళ్లే ఉన్నాయి, నాలుగో కాలు కింద పాత దినచర్యలు పేర్చుకున్నాను.

రోజు 3. అమ్మోనియా అర. చేపలు పద్నాలుగు.

పది లక్షల పాళ్ల నీళ్లలో అర పాలు అని అర్థం. చిన్న గాజు గొట్టంలో తొట్టె నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. పసుపు వస్తే క్షేమం, ఆకుపచ్చకు తిరుగుతున్న కొద్దీ విషం. శాఖ పెట్టిన హద్దు పావు.

కారణం పుణ్యం. చేపలకు మేత వేస్తే పుణ్యమని ముత్తాతల నుంచి వస్తున్న మాట, కానీ తొంభై ఏళ్లుగా వెయ్యడానికి చేప లేదు. దాంతో నగరం మొత్తం వరసలో నిలబడింది. మూడు రోజుల్లో ఆరు వందల మంది వచ్చారు. తలా ఒక చిటికెడు మరమరాలు, కొందరు అటుకులు, ఒకావిడ పులిహోర. పద్నాలుగు పరిగెలకు రోజు మొత్తానికి రెండు చిటికెలు చాలు. పాపం, అవి కూడా పెట్టిన వాళ్ల మనసు కష్టపెట్టకూడదన్నట్టు తింటూనే ఉన్నాయి. తినగా మిగిలింది రాళ్ల మధ్య కుళ్లుతోంది. కుళ్లడానికి కావలసినవి మన చేతుల మీదే వస్తాయి. ఆ సంగతి శాఖలో ఎవరి ముందూ అనకూడదు.

రోజు 5. అమ్మోనియా ఒకటి. చేపలు పద్నాలుగు.

మాస్టారు పొద్దున్నే వచ్చి గాజుకు ముక్కు ఆనించి చూశారు. డెబ్బై ఏళ్ల మనిషి, బక్కపలచన. చేపల మొప్పలు ఎర్రబడ్డాయని నాకు చూపించారు.

"మేత ఆపించండి చూడామణిగారు. తిన్నదల్లా మొప్పల్లోంచి అమ్మోనియాగా వదుల్తాయండి ఇయ్యి."

"ఈ విషం ఎలా పోతుంది మాస్టారూ?"

"పోదండి. తినాలి."

"ఎవరు తినాలి?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మీరు గీకించేస్తారు కదండీ... అయ్యేనండి."

ఈ నగరం గుమ్మం మీద 'కంటికి కనబడనిదేదీ లోపలికి రాదు' అని రాసి ఉంటుంది. చిన్నప్పుడు మా తరగతిలో ఒక పిల్ల లేచి, మరి మన కడుపులో ఉన్నవాటి సంగతేమిటి టీచర్ అని అడిగితే, సాయంత్రం దాకా బెంచీ మీద నిలబెట్టారు. ఆ పిల్ల నేనే. తరవాత పాచి నిర్మూలన శాఖలో చేరాను. ఇంకేం చేస్తాను.

మాస్టారు నెమ్మదిగా వివరించారు. పాచిలో ఉండే కంటికి ఆనని జీవులు కొన్ని అమ్మోనియాను తిని దాన్ని ఇంకో విషంగా మారుస్తాయట. ఆ రెండో విషాన్ని తినేవి వేరే ఉన్నాయట. అవి వదిలేది చేపలను ఏమీ చెయ్యదట. చెరువులో అయితే ఇవన్నీ ఊరికే ఉంటాయట. కొత్త తొట్టెలో పుట్టుకురావడానికే ఆరు వారాలు అడిగారట. మన తొట్టెకు ఏడుసార్లు ఆవిరి పట్టారు కాబట్టి ఆరేళ్లకు కూడా రావట.

"అంటే ఆఫీసు ఫైలులాగా ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు వెళ్తుందన్నమాట" అన్నాను.

"ఆయ్. కాకపోతే అక్కడ పనౌద్దండి."

రోజు 6. అమ్మోనియా ఒకటి. చేపలు పద్నాలుగు.

తొట్టె సంగతి తేల్చడానికి శాఖ వేసిన తొమ్మిది మంది సంఘం కూర్చుంది. తొట్టె పక్క గదిలోనే ఉన్నా ఒక్కరూ లేచి చూడలేదు. రెండు గంటలు చర్చించి, అమ్మోనియా పెరగడానికి కారణం శుభ్రత చాలకపోవడమే అని తేల్చారు. ఇక నుంచి శాఖలోని ఆవిరి దళం రోజుకు రెండుసార్లు వచ్చి స్పాంజికి ఆవిరి పట్టాలి. అందులో పొరపాటున ఏ ప్రాణమైనా చేరబోతే అక్కడికక్కడే ఉడికిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. మాస్టారు చెయ్యెత్తారు. సంఘంలో సభ్యులు కాని వాళ్లు చెయ్యెత్తకూడదని చెప్పి కూర్చోబెట్టారు.

మేత ఆపడం కుదరదన్నారు. ప్రజల మనోభావాలు.

రెండో తీర్మానం ఇంకా గొప్పది. అమ్మోనియా హద్దును పావు నుంచి రెండుకు పెంచారు. పొద్దున హద్దుకు నాలుగింతలున్న నీళ్లు మధ్యాహ్నం భోజనాలకు ముందే హద్దులోకి వచ్చేశాయి. చేపలకు సర్క్యులర్ ప్రతి అందినట్టు లేదు, సాయంత్రానికి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

రోజు 8. అమ్మోనియా రెండు. చేపలు పదమూడు.

ఒకటి చచ్చిపోయింది. పొద్దున తొట్టె మూలన పక్కకు వాలి తేలుతోంది.

మరణ నివేదిక నేనే రాశాను. కారణం దగ్గర 'అమ్మోనియా' అని రాస్తే తిప్పి పంపారు. అమ్మోనియా హద్దులోనే ఉంది కదా, అది కారణం ఎలా అవుతుందన్నారు. మూడోసారి వాళ్లే రాసి ఇచ్చారు: వృద్ధాప్యం. ఆ చేప వయసు ఐదు నెలల పది రోజులు. మాస్టారు నివేదిక చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ఏదైనా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

రోజు 9. అమ్మోనియా ఒకటి. చేపలు పదమూడు.

సగం నీళ్లు మార్చాం, అందుకే తగ్గింది. మన కుళాయి నీళ్లు అలాగే పొయ్యకూడదు. వాటిలో కలిపే మందుకు ఏనుగైనా చస్తుంది. వెడల్పు గిన్నెల్లో పోసి ఒక రోజు గాలికి వదిలేస్తే ఆ ఘాటు పోతుందని మాస్టారు నిన్న చెప్పారు. ఏడో నంబరు వంటశాల నుంచి ముప్ఫై గంగాళాలు తెచ్చి హాలంతా పరిచి నింపాం. వరసలో వచ్చిన పుణ్యాత్ములు కొందరు వాటిలో కూడా మరమరాలు వేశారు.

గంగాళాలు ఇచ్చింది పార్వతాలు. ఆ వంటశాలలో పాతికేళ్లుగా వండుతోంది. ఈ రోజు వాటిని తిరిగి ఇవ్వడానికి వెళ్తే గోడ వెనక టప్ టప్ మని చప్పుడు వినబడింది.

"ఏమిటది పార్వతాలూ?"

"బియ్యం కడిగిన నీళ్లు పోయే గొట్టమండి. కీలు దగ్గర కారుద్ది. మా అమ్మమ్మ నాటి కొబ్బరి పీచు ఉంటే అందులో కుక్కాను. తొమ్మిదేళ్లయ్యింది."

"నాకు చెప్పలేదే?"

"మీరెప్పుడు వంగి చూశారండి? గుమ్మంలో నుంచుని శుభ్రం అని రాసి, టీ తాగేసి ఎల్లిపోతారు."

నాకు మోకాళ్ల నొప్పులు. అందుకని వంగను. ఆఫీసుకు వచ్చి పాత పుస్తకాలు తీసి చూశాను. తొమ్మిదేళ్లు, నెలకొకసారి, ఏడో నంబరు వంటశాల తూము: శుభ్రం. మొత్తం నూట ఎనిమిది సంతకాలు. నాకు తెలియకుండానే అష్టోత్తరం పూర్తి చేశాను.

రోజు 11. అమ్మోనియా రెండు. చేపలు పది.

నీళ్లు మార్చిన మేలు రెండు రోజులు కూడా నిలవలేదు. ఈ పొద్దున మూడు చేపలు పోయాయి. మూడో దాన్ని మాస్టారు అరచేతిలో పట్టుకుని, ఇంకా కదులుతోందేమో అని చాలాసేపు చూశారు. ఆ పక్కనే ఆవిరి దళం నాయకుడు స్పాంజిని ఎత్తి పట్టుకుని, చూడండి మల్లెపువ్వులా ఉంది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేపల గురించి నేను ఇంత బాధపడతానని అనుకోలేదు. పది రోజుల కిందట వీటి పేరు కూడా నాకు తెలియదు.

మధ్యాహ్నం వంటశాలకు వెళ్లాను. పార్వతాలు చూస్తుండగా, పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, రెండు మోకాళ్లూ నేలకు ఆనించి వంగాను.

పీచు గోధుమ రంగుకు తిరిగి, జిగురుగా, మెత్తగా ఉంది. వాసన చూశాను. కంపు కొడుతుందనుకున్నాను. తడిసిన మట్టి వాసన అని పుస్తకాల్లో రాసేది ఇదేనేమో, నేను మట్టి ఎప్పుడూ చూడలేదు. జీవితమంతా గీకించి పారేయించినది ఇదా అనిపించింది. సిగ్గు వేసింది.

"సగం తీసుకుంటాను" అన్నాను.

"తీసుకోండి. మిగతా సగం ఉంటేనే గొట్టం ఆగుద్ది."

పిడికెడు పీచు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నగరం నడిబొడ్డున నడిచి వచ్చాను. దారిలో నా శాఖ వాళ్లే ఇద్దరు నమస్కారం పెట్టారు.

రోజు 12. అమ్మోనియా ఒకటిన్నర. చేపలు పది.

ఇది రాయకూడదు. కానీ ఎలాగూ ఎవరూ చదవరు. అబద్ధం మూడు ప్రతులు రాయడం కన్నా నిజం మూడు ప్రతులు రాస్తే చెయ్యి తక్కువ నొప్పి పుడుతుంది.

పీచును వడకట్టే పెట్టెలో పెట్టి పైన తెల్ల స్పాంజి కప్పాను. మరి ఆవిరి దళం? స్టోరు నుంచి రెండో పెట్టె తెప్పించి, బల్ల కింద పెట్టి, దళం రాగానే దాన్ని ఇచ్చాను. వాళ్లు తొట్టె ముఖం చూడని పెట్టెకు రెండుసార్లూ ఆవిరి పట్టి, సంతకం పెట్టి వెళ్లారు. ఇంత శుభ్రమైన పెట్టెను తన జన్మలో చూడలేదని నాయకుడు మురిసిపోయాడు.

మేతకు కూడా ఉపాయం దొరికింది. తొట్టె మూత మీద ఇత్తడి గరాటు బిగించి 'మేత ఇందులో వేయగలరు' అని రాశాను. గరాటు తొట్టెలోకి దిగదు. వెనక వైపు బకెట్లోకి దిగుతుంది. నగర ప్రజల పుణ్యం ఒక్క రోజులోనే రెండు బకెట్లు వచ్చింది.

"పాపం కాదాండి?" అని మాస్టారు మొదట నొచ్చుకున్నారు. కాసేపు ఆలోచించి, "ఏస్తన్నప్పుడు ఆళ్ల మనసులో చేపే ఉంది కదండీ. సరిపోద్ది లెండి" అన్నారు.

రోజు 13. అమ్మోనియా ఒకటిన్నర. చేపలు తొమ్మిది.

ఇంకొకటి పోయింది. పీచు పెట్టినా పోయింది. మాస్టారు తొందరపడకూడదంటారు. కొత్త చోట కుదురుకోవడానికి వాటికీ టైము కావాలట.

రోజు 19. అమ్మోనియా అర. చేపలు తొమ్మిది.

తగ్గుతోంది. అయితే మొదటి బల్ల దాటిన ఫైలు రెండో బల్ల మీద పేరుకుపోయింది. మాస్టారు చెప్పిన ఆ రెండో విషం ఇప్పుడు ఎక్కువగా ఉంది. మళ్లీ గంగాళాలు తెచ్చాం, మళ్లీ నీళ్లు మార్చాం. నా మోకాళ్లు చేపలను తిడుతున్నాయి. నేను తిట్టడం లేదు.

చేపల్లో ఒకటి నేను హాల్లోకి రాగానే గాజు దగ్గరికి వస్తోంది. మేత కోసమే అని తెలుసు. అయినా బావుంది.

రోజు 27. అమ్మోనియా సున్న. రెండో విషం సున్న. చేపలు తొమ్మిది.

మూడుసార్లు చూశాను. మూడుసార్లూ పసుపు.

గాజు గొట్టం మాస్టారి చేతికిచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, అలాగే నేల మీద కూర్చుండిపోయి, కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చారు. పదకొండేళ్లలో మొదటిసారి నీళ్ల దిగులు లేకుండా ఇంటికి వెళ్లి పడుకుంటానన్నారు. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవలసిన పనేమీ లేదు.

రోజు 31. అమ్మోనియా సున్న. చేపలు తొమ్మిది.

కమిషనర్ గారు ప్రకటన చేశారు. ఆవిరి దళం నిర్విరామ శుభ్రత వల్లే చేపలు బతికాయట. దళం నాయకుడికి శాలువా కప్పారు. తిన్నది ఒకరు, త్రేన్చేది ఇంకొకరు. నాకు శాలువా అక్కర్లేదు, చలి లేదు. అసలు ముప్పు ప్రకటన చివరి వాక్యంలో ఉంది. వ్యవస్థాపక దినాన, ప్రజలందరి ముందు, తొట్టె వడకట్టే పెట్టెను కమిషనర్ గారు స్వహస్తాలతో తెరిచి, కడిగి, ఆవిరి పడతారట.

రెండో పెట్టె ఇద్దామంటే కుదరదు. తొట్టెకు బిగించి ఉన్న పెట్టెనే అందరూ చూస్తుండగా విప్పుతారు. పీచు ఉడికిపోతే వారంలో చేపలన్నీ పోతాయి. ముందే తీసి దాస్తానంటే, మూడు రోజుల ముందే పెట్టెకు సీలు వేసి దళం తొట్టె చుట్టూ కాపలా ఉంటుందట, అన్నాళ్లు పీచు లేకుండా చేపలు ఆగవు.

"చెప్పేద్దామాండి?" అన్నారు మాస్టారు.

"చెప్తే నన్ను మూత బయటికి పంపుతారు. మిమ్మల్ని కూడా."

"నాకు డెబ్బై దాటాయండి. బయట చెరువులుంటాయంట కదా."

రోజు 40. అమ్మోనియా సున్న. చేపలు తొమ్మిది.

హాలు కిటకిటలాడింది. కమిషనర్ గారు కొత్త పంచె కట్టుకుని, చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, నలభై నిమిషాలు నిర్మలత్వం గురించి మాట్లాడారు. తరవాత పెట్టె మూత విప్పారు. స్పాంజి ఎత్తారు. ఆవిరి గొట్టం ఆయన చేతిలో బుస్సుమంటోంది. పక్కన మాస్టారు కళ్లు మూసుకున్నారు.

నేను వెళ్లి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ముట్టుకోకండి సార్. చేపలు బతికింది దానివల్లే. అది పాచి."

ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై రోజులుగా ఆ పెట్టె పక్కనే నిలబడి మేత వేస్తోంది ఆవిడ.

"ఎక్కడిది?" అన్నారు కమిషనర్ గారు, మైకు పక్కకు జరిపి.

"తూములోది. నేను సరిగ్గా చూడకుండా శుభ్రం అని సంతకం పెట్టిన తూములోది. ఏ తూమో చెప్పను."

ఆయన పీచు వైపు చూశారు. చేపల వైపు చూశారు. శాలువా కప్పుకున్న దళం నాయకుడి వైపు చూశారు. తొట్టె పక్కన గోడకు బిగించిన, తన పేరు చెక్కిన రాతిపలక వైపు ఎక్కువసేపు చూశారు. తరవాత మైకు దగ్గరికి జరుపుకున్నారు.

"పాచి అనేది ఈ నగరంలో లేదు. తొంభై ఏళ్లుగా లేదు. లేనిది ఇక్కడ ఉండదు. కాబట్టి ఇది పాచి కాదు."

చప్పట్లు మోగాయి. ముక్కు మూసుకున్నావిడ కూడా కొంగు వదిలి కొట్టింది.

రోజు 41. అమ్మోనియా సున్న. చేపలు తొమ్మిది.

ఆర్డర్లు వచ్చాయి. మొదటిది: పెట్టెలోని పదార్థం పేరు ఇక మీదట 'గోధుమవర్ణ శుద్ధి సహాయకం'. దాన్ని రెండో తరగతి ఉద్యోగిగా నియమించారు. నేను మూడో తరగతి కాబట్టి అది నాకు పై అధికారి. ఉదయం పెట్టె తెరిచేటప్పుడు నేను లేచి నిలబడాలి. నిజం చెప్పాలంటే ఈ శాఖలో నేను మనస్ఫూర్తిగా లేచి నిలబడే మొదటి అధికారి అదే.

రెండోది: గుడ్లు పొదిగించడానికి అనుమతి. మాస్టారు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివించుకున్నారు.

మూడోది: నగరంలోని నలభై మూడు వంటశాలల తూములకూ ఆవిరి పట్టాలి. పాచి లేదు, అయినా పట్టాలి.

నాలుగోది నాకు. ఆమోదం పొందిన ఉద్యోగిని బహిరంగంగా అసభ్యమైన పేరుతో పిలిచినందుకు శిక్ష. ఆవిరి పట్టిన తూములన్నిటినీ మోకాళ్ల మీద వంగి, ఒక్కొక్కటిగా తనిఖీ చెయ్యాలి.

రోజు 44. అమ్మోనియా సున్న. చేపలు తొమ్మిది.

ఏడో నంబరు వంటశాలకు వెళ్లాను. పార్వతాలు గోడ వెనక్కి చూపించింది. పీచు లేదు. కొలిమిలో వేశారట. గొట్టం కీలు తళతళ మెరుస్తూ, ఎప్పటిలాగే కారుతోంది.

"మా అమ్మమ్మదండి అది" అంది. నేను క్షమించమన్నాను. టీ ఇచ్చింది, కానీ చక్కెర వెయ్యలేదు.

సాయంత్రం మాస్టారితో చెప్పాను. ఇప్పుడు ఈ నగరం మొత్తంలో ఆ ప్రాణం మిగిలింది ఒక్క పెట్టెలో, ఒక్క పిడికెడు. రేపు ఇంకో కమిషనర్ వచ్చి ఇంకో ఆర్డరు వేస్తే అంతే.

"ఒక్క చోటే ఉంటే ఒక్కసారే పోద్దండి" అన్నారు మాస్టారు. నేను పెట్టె తెరిచి పీచులో పోగులు లెక్కపెట్టాను.

రోజు 72. అమ్మోనియా సున్న. చేపలు తొమ్మిది, పిల్లలు ముప్ఫై ఒకటి.

నలభై మూడు తూముల తనిఖీ పూర్తయింది. దొంగకే తాళంచెవి ఇచ్చినట్టు నాకీ శిక్ష వేసిన వారికి కృతజ్ఞతలు. వంగి చూస్తే తెలిసిన సంగతి ఏమిటంటే, నలభై మూడు గొట్టాలూ కారుతున్నాయి. ప్రతి కీలులోనూ నా పై అధికారి నుంచి తీసిన ఒక పోగు కుక్కి వచ్చాను. ఒక్కో పోగు అగ్గిపుల్లంత ఉంటుంది. ఏడో నంబరులో మాత్రం రెండు పెట్టాను. పార్వతాలు చూసి, ఈసారి టీలో చక్కెర వేసింది.

మాస్టారి పిల్ల తొట్టెలోనూ ఒక పోగు ఉంది. పిల్లలు కంటిరెప్ప వెంట్రుకంత ఉన్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదలుపెడుతున్నారు.

నలభై మూడు చోట్లా నా పుస్తకంలో రాసింది ఒకటే మాట. శుభ్రం. ఇంతకాలం చూడకుండా రాశాను, ఇప్పుడు చూసి రాస్తున్నాను. ఈ కాగితం ఒక్కటి చాలు నన్ను మూత బయటికి పంపడానికి. అయినా రాశాను, మూడు ప్రతులూ రాశాను. కమిషనర్ గారి ప్రతి మీద కాఫీ గ్లాసు ఉంది. రికార్డు గది ప్రతిని గాలిగొట్టంలో వేశాను.

రోజు 73. అమ్మోనియా సున్న. చేపలు తొమ్మిది, పిల్లలు ముప్ఫై ఒకటి.

ఉదయం ఆఫీసు తలుపు తీసేసరికి నా బల్ల దగ్గర కొత్త కుర్చీ ఉంది. నాలుగు కాళ్లూ ఉన్నాయి.

మొదటి రోజు అడిగిన కుర్చీ అది. అంటే రికార్డు గదిలో ఎవరో మొదటి రోజు నుంచీ చదువుతున్నారు. టిఫిన్ డబ్బా, బల్ల కింది పెట్టె, పుణ్యం బకెట్లు, నిన్నటి నలభై మూడు తూముల పోగులు, అన్నీ. దళం వస్తుందేమోనని గుమ్మం వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ రాలేదు.

అప్పుడు చూశాను. కుర్చీ మీద వేలెడంత గాజు సీసా ఉంది. శుభ్రంగా కడిగి, మూత పెట్టి ఉంది. లోపల ఏమీ లేదు, చీటీ కూడా లేదు. ఖాళీ సీసా ఎందుకు పంపారో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

కూర్చున్నాను. కుర్చీ బావుంది. పెట్టె తెరిచి, లేచి నిలబడి, ఒక పోగు తీసి సీసాలో పెట్టి, తొట్టె నీళ్లు పోసి మూత బిగించాను. ఈ ప్రతితో పాటు గాలిగొట్టంలో పంపుతున్నాను.

రికార్డు గది తనిఖీ: శుభ్రం.